పరిశోధకవిద్యార్థుల బోధనశిక్షణ: నల్లగొండ, మహబూబ్‌నగర్ విశ్వవిద్యాలయాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
పిహెచ్.డి. పరిశోధకులకు బోధనలో శిక్షణ ఇవ్వాలని, వారానికి 4 నుంచి 6 గంటల వరకు ట్యుటోరియల్, ప్రయోగశాల, మూల్యాంకన బాధ్యతలు అప్పగించవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022 నాటి నిబంధనలలో పేర్కొన్నది. దక్షిణ తెలంగాణలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (నల్లగొండ), పాలమూరు విశ్వవిద్యాలయం (మహబూబ్‌నగర్) వంటి కొత్త రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఈ నిబంధన ఎటువంటి రూపం తీసుకోవాలన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. తరగతిగది భాష, ప్రయోగశాల బోధన, జవాబుపత్రాల మూల్యాంకనం, బోధనలో మార్గదర్శకత్వం, పరిశోధకుని కాలం, భృతి అనే అంశాలను ఇందులో పరిశీలిస్తున్నాను.

కీలకపదాలు: బోధనసహాయకులు, పరిశోధకులు, సూక్ష్మబోధన, పాలమూరు, నల్లగొండ, ఉన్నతవిద్య.

1. ఉపోద్ఘాతం:

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ రెండు జిల్లాల విద్యార్థులకు స్నాతకోత్తర విద్య అంటే ఉస్మానియా విశ్వవిద్యాలయమే. ఆ విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రాలు జిల్లాలలో ఉన్నప్పటికీ, పరిశోధన చేయదలచినవారికి హైదరాబాదు ప్రయాణం తప్పేది కాదు. 2016లో, ఆ తరువాత 2019లో జరిగిన పునర్విభజనల వల్ల నాటి రెండు జిల్లాలు నేడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా విస్తరించాయి. ఈ విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వచ్చేవారిలో తమ ఇంట్లో డిగ్రీ తరగతి మెట్టెక్కిన మొదటివారు ఎందరో. వలసకూలీల పిల్లలు, సర్కారు బడిలోనూ గురుకులాలలోనూ చదివినవారు, ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో ఉండి డిగ్రీలో ఒక్కసారిగా ఆంగ్ల మాధ్యమంలోకి వచ్చినవారు ఇక్కడి తరగతిగదిలో కనిపిస్తారు.

ఇటువంటి తరగతికి ఎదురుగా నిలబడే యువ పరిశోధకుడు కూడా తరచుగా అదే నేపథ్యం నుంచి వచ్చినవాడే. విద్యార్థి ఎక్కడ తడబడతాడో అతనికి స్వానుభవంతో తెలుసు. అయితే తెలిసినదాన్ని బోధనగా మలచుకునే మార్గం అతనికి ఎవరూ చూపలేదు. ఎనిమిదో తరగతికి పాఠం చెప్పడానికి బి.ఎడ్. కావాలి. డిగ్రీ, పి.జి. తరగతులకు పాఠం చెప్పడానికి విషయపరిజ్ఞానం ఒక్కటే చాలునని మన వ్యవస్థ చాలాకాలం నమ్మింది. ఈ నమ్మకాన్ని ప్రశ్నించవలసిన సమయం వచ్చింది.

ఈ వ్యాసంలో ‘బోధనసహాయకుడు’ అనే మాటను పిహెచ్.డి.లో ప్రవేశం పొంది, పరిశోధన చేస్తూ, తన శాఖలో నిర్ణీతమైన గంటలు బోధనలో పాలుపంచుకునే పరిశోధకుడు అన్న అర్థంలో వాడుతున్నాను. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, అతిథి అధ్యాపకుల సమస్య దీనికి దగ్గరిదే అయినా వేరైనది. ఆ రెండింటినీ కలిపివేయడం వల్ల వచ్చే చిక్కును చివరి భాగంలో ప్రస్తావిస్తాను.

2. నిబంధనలు - వాటి పరిధి:

జాతీయ విద్యావిధానం - 2020 పిహెచ్.డి.లో చేరే ప్రతి ఒక్కరూ తమ విషయానికి సంబంధించిన బోధన, విద్యాశాస్త్రం, రచన వంటి అంశాలలో క్రెడిట్లతో కూడిన కోర్సులు చదవాలని, బోధనసహాయకత్వం ద్వారా కొన్ని గంటల ప్రత్యక్షబోధన అనుభవం గడించాలని సూచించింది. యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన పిహెచ్.డి. నిబంధనలు ఈ సూచనకు చట్టబద్ధమైన రూపం ఇచ్చాయి. ఏ శాఖవారైనా పరిశోధనకాలంలో బోధనలో శిక్షణ పొందవలసిందే. దీనికి తోడు వారానికి 4 - 6 గంటలు ట్యుటోరియల్ నిర్వహణ, ప్రయోగశాల పని, మూల్యాంకనం వారికి అప్పగించవచ్చు.

ఇక్కడ రెండు క్రియలను జాగ్రత్తగా చదవాలి. శిక్షణ విషయంలో నిబంధన ‘పొందవలసిందే’ అంటున్నది. పని విషయంలో ‘అప్పగించవచ్చు’ అంటున్నది. ఆచరణలో ఇది తలకిందులయ్యే ప్రమాదం ఉంది. అధ్యాపకులు తక్కువగా ఉన్న శాఖలో పని వెంటనే అప్పగించబడుతుంది. శిక్షణ మాత్రం కోర్సువర్కులో ఒక పేపరుగా, అందులోనూ ఒక యూనిట్‌గా కుదించుకుపోతుంది. అప్పగించదగిన పనుల జాబితాలో పూర్తి పేపరును సెమిస్టరు పొడవునా బోధించడం లేదన్నది కూడా గమనింపదగినది.

3. శిక్షణకేంద్రాల వ్యవస్థ:

కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకుల శిక్షణకు 1986 నాటి జాతీయ విద్యావిధానం తరువాత అకడమిక్ స్టాఫ్ కళాశాలలు ఏర్పడ్డాయి. అవి తరువాతి కాలంలో మానవవనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023 నుంచి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణకేంద్రాలుగా పేర్లు మార్చుకున్నాయి. ఈ జిల్లాల అధ్యాపకులలో చాలామంది ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులకు హైదరాబాదుకే వెళ్ళారు. పదోన్నతికి ఆ కోర్సుల ధ్రువపత్రం అవసరం కనుక ఆ గదులు నిండుతూ వచ్చాయి. నిజానికి అక్కడ జరిగిన చర్చల కంటే టీ విరామంలో ఇతర జిల్లాల అధ్యాపకులతో కలిగిన పరిచయాలే ఎక్కువ మేలు చేశాయని చెప్పేవారున్నారు. ఆ మాటను తేలికగా కొట్టివేయనక్కరలేదు.

ఈ వ్యవస్థ ప్రధానంగా ఉద్యోగంలో చేరినవారిని ఉద్దేశించినది. ఒక అధ్యాపకుడు ఉద్యోగంలోకి వచ్చేసరికి కొన్నేళ్ళుగా ఏదో ఒక కళాశాలలో పాఠాలు చెబుతూనే ఉంటాడు. బోధనలో అలవాట్లు, మంచివైనా చెడ్డవైనా, ఆ మొదటి ఏళ్ళలోనే గట్టిపడతాయి. శిక్షణ అందుకు ముందే అందాలి. మూడు నాలుగు వారాలు ఒకేసారి కూర్చోబెట్టి చెప్పే ఉపన్యాసాల కంటే, పాఠం చెబుతున్న వారంలోనే, ఆ పాఠం గురించే మాట్లాడే వ్యవస్థ పరిశోధకునికి ఎక్కువ ఉపకరిస్తుంది. అటువంటి వ్యవస్థను హైదరాబాదు నుంచి నడపలేరు. అది శాఖలోనే ఉండాలి.

4. తరగతిగది భాష:

ఈ ప్రాంతంలో బోధనశిక్షణ అంటే మొట్టమొదట భాషను గురించిన శిక్షణ. పాఠ్యగ్రంథం ఆంగ్లంలో, వివరణ తెలుగులో, పరీక్ష ఆంగ్లంలో సాగే తరగతిలో అర్థం మూడుసార్లు చేతులు మారుతుంది. తెలుగు అకాడమి 1968 నుంచి ఉన్నతవిద్య కోసం తెలుగులో పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఆ పదకోశాలను నేటి పరిశోధకులలో విజ్ఞానశాస్త్రాలవారు తెరిచి చూడడం అరుదు. అవి తెలుగు శాఖకు సంబంధించిన పుస్తకాలన్న అపోహ ఒకటి స్థిరపడింది.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి ‘వడి’, ‘వేగం’ వేర్వేరు రాశులు. వడికి దిశ ఉండదు, వేగానికి ఉంటుంది. వాడుకభాషలో ఈ రెండూ ఒకటే. ఆంగ్లమాధ్యమంలోకి వచ్చిన విద్యార్థికి ‘స్పీడ్’, ‘వెలాసిటీ’ అని చెప్పి, రెండింటినీ తెలుగులో ‘వేగమే’ అని వివరిస్తే, అతడు ఇంటర్మీడియట్‌లో సంపాదించుకున్న స్పష్టత కూడా పోతుంది. అతని దగ్గర అప్పటికే ఉన్న పారిభాషిక పదాన్ని గుర్తుచేసి, దాని పక్కన ఆంగ్లపదాన్ని నల్లబల్లపై రాస్తే పని అర నిమిషంలో పూర్తవుతుంది. రసాయనశాస్త్రంలో ‘ఉప్పు’, ‘లవణం’ మాటలకూ ఇదే వర్తిస్తుంది. మైలుతుత్తం లవణమే, కూరలో వేసే ఉప్పు కాదు. బోధనసహాయకుడు ప్రతి యూనిట్‌కూ ఇటువంటి పది పదిహేను మాటల పట్టికను తయారుచేసుకోవడం అతని మొదటి అభ్యాసం కావాలని నా అభిప్రాయం.

మాండలికం మాట వేరు. పాలమూరు, నల్లగొండ విద్యార్థి తన ఇంటిభాషలో ప్రశ్న అడిగినప్పుడు తరగతిలో చిన్న నవ్వు పుడుతుంది. ఆ నవ్వును అధ్యాపకుడు ఎలా ఎదుర్కొన్నాడన్న దానిపై ఆ సెమిస్టరులో ఎందరు ప్రశ్నలు అడుగుతారన్నది ఆధారపడి ఉంటుంది. యువ పరిశోధకుడు తానూ ఆ భాషవాడే అయినా, పదవీగౌరవం కోసం గ్రాంథికపు ముసుగు వేసుకోవడం తరచుగా జరిగేదే. ప్రశ్నను విద్యార్థి మాటల్లోనే ఒకసారి పలికి, తరువాత శాస్త్రభాషలో పలకడం అలవాటు చేసుకుంటే రెండు భాషల మధ్య వంతెన ఏర్పడుతుంది.

తెలుగు శాఖలో ఈ వనరు మరింత సమృద్ధం. పాలమూరు ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నది. కావ్యాలలోని తిండి, బట్ట, ఆట, నమ్మకం వంటి వివరాలను ఆ గ్రంథం చరిత్రకు ఆధారాలుగా స్వీకరిస్తుంది. దీన్ని ఉపన్యాసంలో ‘ప్రామాణిక గ్రంథం’ అని చెప్పి వదిలేస్తే విద్యార్థికి మిగిలేది రచయిత పేరు, సంవత్సరం. ట్యుటోరియల్‌లో విద్యార్థులను తమ ఊరి వ్యవసాయ పనిముట్ల పేర్లు, జాతర ఆటల పేర్లు రాసుకొని రమ్మని, ఒక కావ్యభాగంతో పోల్చమంటే, ఆ గ్రంథకర్త చేసిన పని ఏమిటో వారికి చేతులతో తెలుస్తుంది. ఎనభై మందికి ఉపన్యాసం చెప్పేచోట ఇది కుదరదు. ఇరవై మందితో కూర్చునే బోధనసహాయకుడు చేయగలడు. ట్యుటోరియల్ అన్న మాటకు మన కళాశాలల్లో ‘మిగిలిపోయిన సిలబస్ పూర్తిచేసే తరగతి’ అన్న అర్థం స్థిరపడిపోయింది. దాన్ని మార్చాలి.

5. ప్రయోగశాల - నల్లగొండ నీటి ఉదాహరణ:

నల్లగొండ భూగర్భజలంలోని ఫ్లోరైడ్ సమస్యకు ఇక్కడ పరిచయం అవసరం లేదు. మిషన్ భగీరథ ద్వారా ఉపరితలజలం వచ్చిన తరువాత కూడా బోరునీటిని పరీక్షించడం రసాయనశాస్త్ర, పర్యావరణశాస్త్ర శాఖలకు సహజమైన ప్రయోగంగానే ఉంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనసంస్థ (నీరి) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీటిలో కలిపి, వేగంగా తిప్పి, తరువాత మెల్లగా తిప్పి, మడ్డిని అడుగుకు చేరనిచ్చి వడగట్టడం ఇందులోని క్రమం.

ఈ ప్రయోగాన్ని బోధనసహాయకుడు రెండు విధాలుగా నడపవచ్చు. రికార్డులో ఉన్న క్రమాన్ని చదివి వినిపించి, విద్యార్థులు రీడింగులు రాసుకున్నాక సంతకం పెట్టడం ఒకటి. రెండవది ప్రశ్నతో మొదలుపెట్టడం. పటిక మోతాదు అన్ని నీళ్ళకూ ఒకటే ఎందుకు కాదు? నీటిలోని ఫ్లోరైడ్‌తో పాటు క్షారత్వం కూడా దాన్ని నిర్ణయిస్తుందన్న విషయం వేర్వేరు గ్రామాల నమూనాలు పక్కపక్కన పెట్టినప్పుడే బోధపడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పటిక కలిపి శుద్ధిచేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగలవచ్చు. అది ఫ్లోరైడ్‌తో సంక్లిష్ట అయానులను ఏర్పరుస్తుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయానులనే గుర్తిస్తుంది. తగిన బఫరు ద్రావణం కలపకుండా కొలిస్తే ఫ్లోరైడ్ నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. విద్యార్థి మాత్రం శుద్ధి బ్రహ్మాండంగా జరిగిందనుకుంటాడు. అదే నమూనాను బఫరుతో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిపించి, రెండు అంకెలకూ తేడా ఎందుకు వచ్చిందో చెప్పమనడం చిన్న మార్పు. ఖర్చు దాదాపు లేదు. కాని పరికరం చూపించే అంకెను నమ్మడానికీ, ప్రశ్నించడానికీ ఉన్న తేడాను ఆ ఒక్క గంటలో విద్యార్థి నేర్చుకుంటాడు. ఊరి నీరు తాగవచ్చునా అన్న నిర్ణయానికి ఆ అంకె ఆధారమైనప్పుడు ఈ పాఠానికి బరువు ఎక్కువ. ఇటువంటి ప్రశ్నలు ఏ ప్రయోగంలో ఎక్కడ అడగాలో సీనియర్ అధ్యాపకులకు తెలుసు. ఆ తెలివిడి ఎక్కడా రాసి ఉండదు. ఒక అధ్యాపకుడు పదవీవిరమణ చేసినప్పుడు అతనితో పాటే వెళ్ళిపోతుంది. బోధనసహాయకులకు ప్రయోగానికి ముందురోజు జరిగే అరగంట సమావేశం ఆ తెలివిడి చేతులు మారడానికి ఉన్న తేలికైన మార్గం.

6. సూక్ష్మబోధన, మూల్యాంకనం:

సూక్ష్మబోధన 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్నది. భారతదేశంలో వ్యాప్తిలోకి వచ్చిన నమూనాలో ఒక ఆవృత్తికి 36 నిమిషాలు. ఆరు నిమిషాల బోధన, ఆరు నిమిషాల విమర్శ, పన్నెండు నిమిషాల పునఃప్రణాళిక, ఆరు నిమిషాల పునర్బోధన, మళ్ళీ ఆరు నిమిషాల విమర్శ. ఒక్కో ఆవృత్తిలో ఒక్క నైపుణ్యం మాత్రమే సాధన చేయాలి. ప్రశ్న అడిగిన తరువాత మౌనంగా వేచి ఉండడం, నల్లబల్లను ఉపయోగించడం, ఉదాహరణ ఇవ్వడం వంటివి ఆ నైపుణ్యాలు. బి.ఎడ్. కళాశాలలలో ఇది పాతపడిన తంతుగా మారిందన్న విమర్శ సరైనదే. నలుగురు పరిశోధకులు తాము వచ్చేవారం నిజంగా చెప్పబోయే పాఠాన్నే అందులో సాధన చేస్తే తంతు పనిగా మారుతుంది. ఈ జిల్లాలలో బి.ఎడ్. కళాశాలలు, అనుభవజ్ఞులైన విద్యాశాస్త్ర అధ్యాపకులు ఉన్నారు. విశ్వవిద్యాలయ శాఖలు వారిని పిలవడానికి ఎందుకు సంకోచిస్తాయో నాకు అర్థం కాదు.

మూల్యాంకనంలో శిక్షణ లేకపోవడం విద్యార్థికి నేరుగా నష్టం కలిగిస్తుంది. తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో రాసిన జవాబులో వాక్యదోషానికి మార్కులు తగ్గించాలా, భావానికి మార్కులు ఇవ్వాలా అన్నది పత్రాలు దిద్దేముందే తేల్చుకోవాలి. ఐదు పాత జవాబుపత్రాలను పేర్లు తొలగించి, బోధనసహాయకులు, పేపరు అధ్యాపకుడు విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన చోట కారణం చెప్పుకోవడం ఒక మధ్యాహ్నం పని. తేడాలు ఎంత పెద్దవిగా ఉంటాయో చేసినవారికి తెలుస్తుంది.

7. పర్యవేక్షకుడు, బోధనమార్గదర్శి:

పరిశోధకుని తరగతిని ఎవరు చూడాలి? పర్యవేక్షకుడేనన్నది వెంటనే తోచే సమాధానం. ఇది మంచి ఏర్పాటు కాదని నా భావన. సిద్ధాంతగ్రంథ సమర్పణకు సంతకం చేయవలసిన వ్యక్తి ముందు ఏ పరిశోధకుడూ తన తరగతి అదుపు తప్పిందని చెప్పుకోడు. గైడుగారికి వీలు కాని రోజున తరగతి చెప్పే బాధ్యతకూ బోధనశిక్షణకూ మధ్య గీత చెరిగిపోతుంది. అందుచేత బోధనకు మార్గదర్శి పర్యవేక్షకుడు కాని మరొక అధ్యాపకుడు కావాలి. అతడు సెమిస్టరులో రెండుసార్లు తరగతిలో వెనుక కూర్చొని చూడాలి. తరువాత పరిశోధకునితో మాత్రమే మాట్లాడాలి. ఆ మాటలు వార్షిక ప్రగతినివేదికలోకి వెళ్ళకూడదు. మహిళాపరిశోధకులకు ఈ రెండవ వ్యక్తి అవసరం మరింత ఎక్కువ. తమకంటే రెండు మూడేళ్ళే చిన్నవారైన విద్యార్థుల నుంచి ఎదురయ్యే అవమర్యాదను గురించి ఎవరికి చెప్పాలో వారికి ముందుగానే తెలిసి ఉండాలి.

8. ఇతరదేశాల అనుభవం:

పై తరగతివాడు కింది తరగతివాడికి చెప్పడం మనకు కొత్త కాదు. 18వ శతాబ్ది చివర మద్రాసులో ఆండ్రూ బెల్ అవలంబించిన ఆ పద్ధతే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండుకు చేరింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు అన్నది అక్కడ దాని ఆకర్షణ. నేటి చర్చలోనూ ఆ ఆకర్షణను మరువరాదు.

అమెరికాలో బోధనసహాయకత్వం ఒక స్థిరమైన సంస్థగా ఎదిగింది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లోనే బోధనాభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పింది. 1993లో భావి అధ్యాపకులను సిద్ధంచేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయాలలో తెలుగు విద్యార్థులు ఎందరో బోధనసహాయకులు. పలుచోట్ల తరగతి అప్పగించడానికి ముందు వారికి మౌఖిక ఆంగ్లపరీక్ష, సూక్ష్మబోధన ఉంటాయి. ఫీజు మినహాయింపు, నెలసరి భృతి ఆ పనికి ప్రతిఫలం. అయినా అక్కడ కూడా వీరు విద్యార్థులా, ఉద్యోగులా అన్న వివాదం దశాబ్దాలు నడిచింది. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం వ్యాజ్యంలో జాతీయ కార్మికసంబంధాల బోర్డు ప్రైవేటు విశ్వవిద్యాలయాల బోధనసహాయకులను ఉద్యోగులుగా గుర్తించింది. శిక్షణ, వేతనం ఒకే చర్చలో రెండు ముఖాలని ఆ అనుభవం తెలుపుతున్నది.

9. గంటలు, భృతి, అనుభవం:

వారానికి ఆరు గంటల తరగతి ఆరు గంటల పని కాదు. కొత్తగా చెప్పేవారికి ఒక్కో గంటకు రెండు గంటల తయారీ అనుకుంటే మొత్తం పద్దెనిమిది. అందులో పత్రాలు దిద్దడం చేరలేదు. ఇది పరిశోధనకాలంలోంచి పోయేదే. జె.ఆర్.ఎఫ్. ఉన్న పరిశోధకునికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు అందుతున్నాయి. ఫెలోషిప్ లేనివారి పరిస్థితి వేరు. నెట్‌తో సంబంధం లేకుండా యు.జి.సి. ఇచ్చే 8,000 రూపాయల ఫెలోషిప్ కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. నల్లగొండ, పాలమూరు పరిశోధకులకు అది వర్తించదు. కనుక వారిలో చాలామంది ప్రైవేటు జూనియర్, డిగ్రీ కళాశాలలలో పాఠాలు చెప్పి ఇల్లు నడుపుకుంటూ, మిగిలిన వేళలలో పరిశోధన సాగిస్తున్నారు. వారికి శాఖలో మరో ఆరు గంటలు ప్రతిఫలం లేకుండా అప్పగిస్తే, శిక్షణ అన్న మాటకు అర్థం ఉండదు. అతిథి అధ్యాపకునికి ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయలకు మించకుండా ఇవ్వాలని యు.జి.సి. 2019లో సూచించింది. ఖాళీపోస్టు తరగతిని పరిశోధకుని చేత చెప్పించినప్పుడు విశ్వవిద్యాలయం మిగుల్చుకునే మొత్తం ఎంతో దీన్నిబట్టి లెక్కవేయవచ్చు.

అనుభవం విషయంలో మరొక వైరుధ్యం ఉంది. 2018 నాటి యు.జి.సి. నియామక నిబంధనల ప్రకారం పిహెచ్.డి. పొందడానికి పట్టిన కాలాన్ని బోధన అనుభవంగా లెక్కించరు. ఉద్యోగంలో ఉంటూ, సెలవు పెట్టకుండా పరిశోధన చేసినవారికి మాత్రం ఆ కాలం లెక్కకు వస్తుంది. అదే నిబంధనలలో సహాయ ఆచార్యుల ఎంపికజాబితా తయారీకి బోధన అనుభవానికి ఏడాదికి రెండు చొప్పున పది మార్కుల వరకు ఉన్నాయి. అంటే నాలుగేళ్ళు శాఖలో ట్యుటోరియల్‌లు నడిపిన పూర్తికాల పరిశోధకునికి ఆ పని వల్ల ఒక్క మార్కు కూడా రాదు. ఒక నిబంధన నేర్చుకోమంటుంది, మరొక నిబంధన నేర్చుకున్నదాన్ని గుర్తించదు.

ఈ వైరుధ్యాన్ని ఢిల్లీలో సరిచేయవలసిందే. అంతవరకు విశ్వవిద్యాలయం తన పరిధిలో చేయగలిగినది ఒకటుంది. సెమిస్టరు మొదట్లోనే పరిశోధకునికి రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వాలి. పేపరు పేరు, వారానికి గంటలు, పని స్వభావం, బోధనమార్గదర్శి పేరు అందులో ఉండాలి. ఆరు గంటలకు మించి అప్పగించరాదన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి. సెమిస్టరు చివర అదే వివరాలతో రిజిస్ట్రారు సంతకం చేసిన ధ్రువపత్రం అందాలి. తాను నడిపిన ట్యుటోరియల్ ప్రణాళికలు, తయారుచేసుకున్న పదపట్టికలు, మార్గదర్శి పరిశీలనల మీద తాను రాసుకున్న స్పందనలు ఒక ఫైలుగా పరిశోధకుని దగ్గర ఉంటే, రేపు ఇంటర్వ్యూలో ‘మీకు బోధన అనుభవం ఉందా?’ అన్న ప్రశ్నకు అతడు ఆ ఫైలును బల్లమీద పెట్టగలడు. మార్కుల పట్టికలో దానికి గడి లేకపోయినా, ఎంపికసంఘం సభ్యులు దాన్ని తెరిచి చూడకుండా ఉండలేరు.